విజయవాడలో సెల్ఫ్ డ్రైవ్ కారు: డిపాజిట్ వెనక్కి వచ్చేలా అద్దెకు తీసుకోవడం ఎలా?

గన్నవరంలో విమానం దిగినా, విజయవాడ స్టేషన్లో రైలు దిగినా, ఫోను తీసి వెతికితే సెల్ఫ్ డ్రైవ్ ప్రకటనలు బోలెడు కనిపిస్తాయి. రేట్లు బాగుంటాయి, ఫొటోల్లో బళ్లు మెరిసిపోతుంటాయి. తాళం ఇచ్చేటప్పుడు ఓనరు మాట కూడా మెత్తగానే ఉంటుంది. గొడవంతా బండి తిరిగి అప్పగించే రోజున మొదలవుతుంది. ‘ఈ గీత మీరు తీసుకెళ్లినప్పుడు లేదు సార్’, ‘క్లచ్ ప్లేటు కొట్టేసింది సార్’, ‘డిపాజిట్ రేపు ఫోన్‌పే చేస్తాను సార్’. అప్పటికి మీకు రైలు టైమవుతుంటుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

కాబట్టి అప్పగించే రోజున నోటితో వాదించి గెలుద్దామనుకోవద్దు. ఆ రోజుకు కావలసిన రుజువులన్నీ బండి బుక్ చేసేటప్పుడు, తాళం చేతికొచ్చిన మొదటి పావుగంటలో కూడబెట్టుకోవాలి. అది ఎలాగో వరసగా చెబుతాను. ఊళ్లు విజయవాడ, గుంటూరువే అయినా పద్ధతి ఎక్కడైనా ఇంతే.

అసలు మీకు సెల్ఫ్ డ్రైవ్ అవసరమా?

దుర్గమ్మ దర్శనం చేసుకుని, బీసెంట్ రోడ్డులో బట్టలు కొనుక్కుని, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద కాసేపు తిరిగి వెళ్లిపోయేవాళ్లకు అద్దె కారు శుద్ధ దండగ. గవర్నర్‌పేటలో పార్కింగు దొరికేలోపు ఆటో మిమ్మల్ని దింపి ఇంకో బేరం చూసుకుంటుంది. దసరా నవరాత్రుల్లో అయితే ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల రోడ్లన్నీ మళ్లిస్తారు. చేతిలో కారు ఉన్నా నడవక తప్పదు.

ఇంటిల్లిపాదీ వచ్చారు, గుంటూరులో పెళ్లి, మధ్యలో పొన్నూరు, తెనాలి చుట్టాలు, ఒక పూట సూర్యలంక బీచి, అమరావతి, కుదిరితే నాగార్జునసాగర్... ఇలాంటప్పుడు సొంతంగా నడుపుకునే కారు బాగా పనికొస్తుంది. అయితే రాత్రంతా పెళ్లిలో మేలుకుని తెల్లవారుజామున మీరే స్టీరింగు పట్టాల్సి వస్తే మాత్రం డ్రైవరుతో బండి మాట్లాడుకోండి. డ్రైవరుకు బేటా (రోజు భత్యం) ఇవ్వాలి, రోజుకు ఇన్ని కిలోమీటర్లని కనీస లెక్క ఉంటుంది, మొత్తం మీద ఖర్చు ఎక్కువే. కానీ పంచరైనా, ఎవడైనా వెనక నుంచి గుద్దినా, ట్రాఫిక్ ఫైను పడినా ఆ తలనొప్పి మీది కాదు.

రేటు కంటే ముందు నంబరు ప్లేటు చూడండి

చట్టప్రకారం సెల్ఫ్ డ్రైవ్‌కు ఇచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే మామూలు టాక్సీ. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకానికి కొన్న బండి. ఎవరి నడిగినా మొదట చూపించేది ఈ తెల్ల ప్లేటు బళ్లే.

దీనికి కారణం ఉంది. కార్లు అద్దెకిచ్చే వ్యాపారానికి కేంద్ర ప్రభుత్వం 1989లో రెంట్ ఏ క్యాబ్ స్కీం అని ఒకటి పెట్టింది. లైసెన్సు కావాలంటే కనీసం 50 బళ్లు ఉండాలనేది అందులో షరతు. రెండు మూడు కార్లు కొని ఈఎంఐలు కట్టుకుంటున్న కుర్రవాడికి అది అందే పని కాదు. దాంతో సొంత బండి రిజిస్ట్రేషన్ మీదే తిప్పేస్తున్నారు. అద్దె తక్కువ పడుతుంది, పెద్ద పేపర్ల గొడవ ఉండదు. ‘ఏం కాదు సార్, ఎవరైనా అడిగితే ఫ్రెండు బండి అని చెప్పండి’ అని ధైర్యం కూడా చెబుతారు.

ఏమీ జరగనంతసేపు ఏమీ కాదు. ఏదైనా జరిగితే మాత్రం మొత్తం మీ మీద పడుతుంది. సొంత కారు ఇన్సూరెన్సు పాలసీలో ఆ బండిని అద్దెకు తిప్పకూడదని స్పష్టంగా రాసి ఉంటుంది. యాక్సిడెంటయి, బండి అద్దెకు తెచ్చిందని తేలితే కంపెనీ క్లెయిము తిరస్కరించొచ్చు. పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పుతున్నందుకు రవాణా శాఖవాళ్లు బండిని సీజ్ చేయొచ్చు కూడా. శ్రీశైలం వెళ్లే దారిలో పిల్లలతో, సామాన్లతో రోడ్డు పక్కన నిలబడాల్సిన పరిస్థితి ఊహించుకోండి. రోజుకు నాలుగైదు వందలు మిగులుతాయని దానికి సిద్ధపడటం నాకు తెలివైన బేరంగా కనపడదు. నల్ల ప్లేటు దొరక్కపోతే డ్రైవరుతో పసుపు ప్లేటు బండి తీసుకోండి.

బండి నంబరు అడిగి తీసుకుని, బళ్ల వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కొట్టండి. బండి ఏ తరగతి కింద రిజిస్టరైంది, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పొల్యూషన్ ఎప్పటివరకు ఉన్నాయి అన్నీ కనిపిస్తాయి. పాత చలాన్లు ఎన్ని పెండింగులో ఉన్నాయో కూడా చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అవి మీ లెక్కలోకి రాకుండా ఉండటానికి అదే ఆధారం. నంబరు ఇవ్వడానికి నసుగుతున్నాడంటే అక్కడితో ఆ బేరం వదిలేయండి.

ఒక సందేహం చాలామందికి ఉంటుంది. ఇలా అద్దెకు తిప్పే కమర్షియల్ (ట్రాన్స్‌పోర్ట్) బండి నడపడానికి మామూలు కారు లైసెన్సు చాలా? చాలు. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ వాహనాలను ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. గడువు మాత్రం తీరిపోయి ఉండకూడదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చినవాళ్లు అక్కడి లైసెన్సు కార్డు ఒక్కటే చూపిస్తే కుదరదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి, లేదా ఇక్కడి లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. చాలామంది ఓనర్లు 21 ఏళ్లు నిండనివాళ్లకు బండి ఇవ్వరు.

ఫోనులో మాట్లాడండి, కానీ వాట్సాప్‌లో రాయించుకోండి

బేరం ఫోనులోనే తెగుతుంది, అందులో తప్పు లేదు. ఫోను పెట్టేశాక మాత్రం ఈ మెసేజీ పంపండి. ఇలాగే కాపీ చేసుకోవచ్చు.

‘అన్నా, ఇప్పుడు అనుకున్నవి ఒకసారి కన్ఫర్మ్ చేయండి. బండి నంబరు, పెట్రోలా డీజిలా? 24 గంటలకు అద్దె ఎంత, ఎన్ని కిలోమీటర్లు, దాటితే కిలోమీటరుకు ఎంత? ఆలస్యమైతే గంటకు ఎంత? వేగం ఎంత దాటితే ఫైను? డిపాజిట్ ఎంత, బండి ఇచ్చాక ఎన్ని రోజుల్లో వేస్తారు? డ్యామేజీ అయితే నేను కట్టాల్సింది గరిష్ఠంగా ఎంత? బండి షెడ్డులో ఉన్న రోజులకు అద్దె తీసుకుంటారా? తెలంగాణకు వెళ్లొచ్చా?’

జవాబు రాకపోతే అడ్వాన్సు పంపకండి. ‘అవన్నీ తర్వాత చూద్దాం సార్’ అని జవాబొచ్చినా పంపకండి.

వీటిలో కిలోమీటర్ల లెక్క, ఆలస్యం లెక్క ఎక్కువమందిని ముంచుతాయి. రోజుకు 300 కిలోమీటర్లు, ఆపైన కిలోమీటరుకు 10 రూపాయలు అన్నారనుకోండి. విజయవాడ నుంచి శ్రీశైలం రానుపోను 500 కిలోమీటర్లు దాటిపోతుంది. ఒక్క రోజుకే తీసుకుంటే అద్దె మీద ఇంకో రెండు వేలకు పైగా అక్కడే పడుతుంది. పైగా దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అటవీశాఖ చెక్‌పోస్టు మూసేస్తుంది. దర్శనం ఆలస్యమై కొండ మీదే ఉండిపోయారంటే పొద్దున అప్పగించాల్సిన బండి మధ్యాహ్నానికి గానీ రాదు. గంట లెక్కన కట్టాలా, పూర్తి రోజు అద్దె కట్టాలా అన్నది ముందే రాయించుకున్నవాడికి ఆ రాత్రి నిద్ర పడుతుంది.

తెలంగాణ ప్రశ్న ఎందుకంటే, జగ్గయ్యపేట దాటితే వేరే రాష్ట్రం. కమర్షియల్ బండికి ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉండాలి, లేదంటే అక్కడి పర్మిట్, ట్యాక్సు కట్టి ఉండాలి. ఆ కాగితం బండిలో ఉందో లేదో చూసుకోవాల్సింది హైదరాబాదు వెళ్లాలనుకున్న మీరే.

సంక్రాంతికి, మంచి ముహూర్తాలున్న రోజుల్లో బళ్లు దొరకవు, దొరికినవాటికి రేటు మామూలుగా ఉండదు. బుక్ చేసిన బండి కాకుండా ఇంకోటి తెచ్చి ‘ఇది కూడా అదే రేంజి సార్’ అనడం ఆ రోజుల్లో మామూలే. మెసేజీలో బండి నంబరు ఉంటే కాదనే హక్కు మీకుంటుంది, రేటు తగ్గించమని గట్టిగా అడగనూ వచ్చు.

ఆన్‌లైన్‌లో దొరికిన కొత్త నంబరుకు టోకెన్ అడ్వాన్సు పంపే ముందు వీడియో కాల్లో బండిని, ప్లేటును చూపించమనండి. డబ్బు పడగానే ఫోను స్విచాఫ్ చేసేవాళ్లు ఉన్నారు. అలా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఏం తాకట్టు పెట్టాలి, ఏం పెట్టకూడదు

మన దగ్గర ఒక పద్ధతి ఉంది: బైకు, దాని ఆర్సీ పెట్టి కారు తీసుకుపొమ్మంటారు. బైకు లేకపోతే ఒరిజినల్ ఆధార్, సంతకం చేసిన ఖాళీ చెక్కు, ఖాళీ ప్రాంసరీ నోటు అడుగుతారు. బైకు పెట్టడం మీ ఇష్టం. పెడితే దాని మీటరు రీడింగు ఫొటో తీసుకోండి, మీరు ఊళ్లో లేని మూడు రోజులూ అది ఎవరి దగ్గర తిరుగుతుందో చెప్పలేం.

ఖాళీ చెక్కు, ఖాళీ నోటు మాత్రం ఎంత తొందరలో ఉన్నా ఇవ్వకండి. అందులో ఎంత అంకె రాసుకున్నా కోర్టులో అది మీ బాకీ కాదని నిరూపించుకోవడం మీ పనవుతుంది. చెక్కు తప్పదంటే అంకె మీరే వేసి, వెనక ‘సెక్యూరిటీ కోసం మాత్రమే’ అని బండి నంబరు, తేదీ రాసి ఫొటో తీసుకోండి. పాస్‌పోర్టు ఎవరికీ తాకట్టు పెట్టేది కాదు. ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ కాపీ ఇచ్చి, మీద ‘కారు అద్దె కోసం’ అని తేదీతో రాయండి.

డబ్బు పంపేటప్పుడు అద్దె ఒకసారి, డిపాజిట్ ఒకసారి, రెండు లావాదేవీలుగా పంపండి. డిపాజిట్ పంపేటప్పుడు యూపీఐ నోట్ గడిలో ‘సెక్యూరిటీ డిపాజిట్’ అని, పక్కన బండి నంబరు కొట్టండి. రెండూ కలిపి ఒకే మొత్తంగా పంపితే ‘అదంతా అద్దేగా సార్’ అన్నప్పుడు మీ దగ్గర మాటే తప్ప కాగితం ఉండదు. వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి, తేడా వస్తే బ్యాంకుకు ఫిర్యాదు చేసుకునే దారి ఒకటి ఉంటుంది. నగదు ఇస్తే మాత్రం రసీదు రాయించుకోవాల్సిందే.

తాళం చేతికొచ్చాక మొదటి పావుగంట

ఇక్కడ తొందరపడొద్దు. ‘ఇంకో పార్టీ వెయిట్ చేస్తోంది సార్’ అంటాడు. చేయనివ్వండి.

వీలైనంతవరకు పగటిపూట తీసుకోండి. గన్నవరంలో రాత్రి విమానం దిగి పార్కింగు చీకట్లో బండి తీసుకుంటే బంపరు కింద ఏముందో దేవుడికే తెలియాలి. తప్పనప్పుడు దగ్గర్లోని పెట్రోలు బంకు లైట్ల కింద ఆపి చూడండి, ఓనరు మనిషి పక్కనుండగానే. బండి దుమ్ము కొట్టుకుని ఉంటే తుడిపించండి. అప్పగించే రోజున వాళ్లు కడిగాకే చూస్తారు, అప్పుడు పాత గీతలన్నీ కొత్తగా కనిపిస్తాయి.

తర్వాత ఫోను తీసి ఒకే వీడియో, ఎక్కడా ఆపకుండా తీయండి. ముందు నంబరు ప్లేటు, అక్కడి నుంచి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ. నడుము వంచి తీయాలి, నిలబడి తీస్తే పై భాగమే వస్తుంది. డబ్బులు పోయేదెప్పుడూ కింది భాగంలోనే: బంపరు నాలుగు మూలలు, ముందు బంపరు అడుగు అంచు, తలుపుల కింది అంచులు, చక్రాల చుట్టూ రింగులు. తర్వాత అద్దం మీద రాయి తగిలిన చుక్కలు, సైడు అద్దాలు, టాపు. సొట్ట గానీ గీత గానీ కనపడితే వేలు పెట్టి చూపిస్తూ నోటితో చెప్పండి: ‘ఎడమ వెనక తలుపు, గీత, ముందే ఉంది.’ ఓనరు ‘అవి పాతవే సార్, మాకు తెలుసు’ అంటే ఆ మాట కూడా వీడియోలో పడనివ్వండి. అదే మీకు కావలసింది.

డిక్కీ తెరిచి స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో చూడండి. స్టెప్నీని నొక్కి చూడండి, గాలి లేని స్టెప్నీలు తిరుగుతూనే ఉంటాయి. నాలుగు టైర్ల అరుగుదల దగ్గరగా తీయండి. లోపలికొచ్చి సీట్లు, మ్యాట్లు, ఆఖరుకు మీటరు: కిలోమీటర్లు, ఆయిల్ ముల్లు స్పష్టంగా కనపడేలా. వీడియోను అక్కడే, వాళ్ల ముందే, వాట్సాప్‌లో ఓనరుకు పంపేయండి. తర్వాత పంపుతామనుకుంటే పంపరు, పంపినా దానికి అంత విలువ ఉండదు. టైము పడి ఉన్న మెసేజీ కంటే మంచి సాక్షి లేదు.

మా బాబాయి కొడుకు బెంగళూరు నుంచి గుంటూరులో పెళ్లికి వచ్చి ఇలాగే ఒక కారు తీసుకున్నాడు. వీడియో తీశాడు కానీ ఓనరుకు పంపలేదు. బండి ఇచ్చే రోజున వెనక బంపరు గీతకు డిపాజిట్‌లో పెద్ద భాగం కోత పెడతామన్నారు. వీడియో చూపిస్తే ‘ఇది మీరు ఎప్పుడు తీశారో మాకేం తెలుసు’ అన్నారు. చివరికి పెళ్లివారి తరఫు పెద్దమనిషి ఒకాయన మాట్లాడితే సగానికి దిగారు. పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ దొరకరు.

ఇక బండి స్టార్టు చేయండి. మీటరులో ఎర్ర, పసుపు దీపాలు వెలిగి ఆరిపోవాలి. ఇంజను దీపం వెలుగుతూనే ఉంటే ఆ బండి తీసుకోకండి. రెండు వీధులు నడిపి చూడండి. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంజను శబ్దం పెరుగుతూ బండి మాత్రం వేగం అందుకోకపోతే క్లచ్ ప్లేటు అరిగిపోయిందని అర్థం. మీరు ఒక ఫ్లైఓవర్ ఎక్కి దిగేసరికి అది పూర్తిగా పోతే బిల్లు మీ చేతిలో పెడతారు. కాబట్టి అనుమానమొస్తే అప్పుడే వేరే బండి అడగండి. మే నెలలో అయితే పది నిమిషాలు ఏసీ వేసి ఉంచండి. బెజవాడ ఎండల్లో ఏసీ లేని కారు ప్రయాణం కాదు, ప్రాయశ్చిత్తం.

ఇంకో మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల మునిగినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటివి కడిగి, పాలిష్ కొట్టి మళ్లీ తిప్పితే పైకి తెలియదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద మరక ఉంటే బండి మునిగిందన్నమాట. తలుపులన్నీ మూసి కాసేపు కూర్చుంటే ముక్కిపోయిన వాసన వస్తుందా లేదా అన్నది కూడా చూడండి. మునిగిన బండిలో వైరింగు ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం.

అగ్రిమెంటు సంతకానికి పెడితే పూర్తిగా చదవండి. చేతి రాతతో నింపాల్సిన ఖాళీలు వదలొద్దు, గీత కొట్టించండి. సంతకం అయ్యాక ప్రతి పేజీ ఫొటో తీసుకోండి.

రోడ్డు మీద

గుంటూరు దారిలో కాజ, ఏలూరు దారిలో పొట్టిపాడు, హైదరాబాదు దారిలో కీసర. విజయవాడ నుంచి ఎటు కదిలినా టోలు తప్పదు. ఫాస్టాగ్ ఓనరు పేరు మీద ఉంటుంది, డబ్బు ఆయన ఖాతాలో తెగుతుంది, తర్వాత మీ దగ్గర వసూలు చేస్తారు. బయల్దేరే ముందు బ్యాలెన్సు ఎంతుందో స్క్రీన్‌షాట్ అడగండి, అప్పగించేటప్పుడు మళ్లీ అడగండి. మధ్యలో అయిపోతే మీ యూపీఐ యాప్‌లోనే బ్యాంకు ఎంచుకుని, బండి నంబరు కొట్టి రీఛార్జి చేయొచ్చు. అవసరమైనంతే వేయండి, మిగిలింది మీకు తిరిగి రాదు. ఫాస్టాగ్ పనిచేయకపోతే మామూలు టోలు కంటే ఎక్కువ కట్టాలి. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు వంతు. ఫాస్టాగ్ ఏడాది పాస్ ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి, అది సొంత వాడకం కార్లకే, కమర్షియల్ బండికి ఇవ్వరు.

బండిలో జీపీఎస్ ఉంటుందనుకునే నడపండి. కొన్ని కమర్షియల్ కార్లకు 80 దగ్గర వేగం ఆగేలా గవర్నర్ బిగించి ఉంటుంది. హైవే మీద ఓవర్‌టేక్ చేయబోయి సగంలో బండి లాగకపోతే కంగారు పడేది మీరే, కాబట్టి ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. సూర్యలంకలో ఇసుక మీదికి కారు దింపకండి, కూరుకుపోతే ట్రాక్టరుతో లాగించాలి. ఉప్పునీటి తుప్పు కూడా మీ ఖాతాలోనే రాస్తారు. బంకులో ట్యాంకు మూత మీద స్టిక్కరు చూసి గానీ పెట్రోలో డీజిలో చెప్పకండి.

ఏదైనా తగిలితే

మనుషులకు దెబ్బ తగిలితే ముందు 108, 112. హైవే మీదయితే 1033కు ఫోన్ చేస్తే క్రేన్ సాయం కూడా దొరుకుతుంది. బండి కదపకముందే ఫొటోలు తీసి, ఓనరుకు ఫోన్ చేసి, అదే సంగతి మెసేజీ కూడా పెట్టండి. మీ అంతట మీరు పక్క షెడ్డులో బాగు చేయించొద్దు, తర్వాత అదే మీ మీద నేరమవుతుంది.

చిన్న దెబ్బలకు ఓనరు ఇన్సూరెన్సు మాట ఎత్తడు, నగదు అడుగుతాడు. క్లెయిము చేస్తే ఆయనకు వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, బండి రోజుల తరబడి షోరూములో ఉంటుంది. ఆయన వైపు నుంచి అది న్యాయమే. కానీ ఆయన చెప్పే అంకె చాలాసార్లు షోరూము రేటు, కొత్త బంపరు ధర. వెంటనే ఒప్పుకోకండి. ఆటోనగర్లో డెంటింగు, పెయింటింగు షెడ్లు వరసగా ఉంటాయి. విజయవాడలోనూ ఉంది, గుంటూరులోనూ ఉంది ఆటోనగర్. రెండు షెడ్లలో బండి చూపించి, లేదా ఫొటో పంపి రేటు అడగండి. గీతకు టచప్ చాలా, బంపరు మార్చాలా, ప్యానెల్ మొత్తం పెయింటు కొట్టాలా అన్నది వాళ్లు రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. ఆ అంకె చేతిలో ఉంటే బేరం నేల మీదికి వస్తుంది. కొత్త బంపరుకే డబ్బు కట్టాల్సి వస్తే బిల్లు అడగండి, పాతది తీశాక ఫొటో పంపమనండి.

డబ్బు ఇచ్చాక ‘ఈ డ్యామేజీకి పూర్తిగా చెల్లించారు’ అని మెసేజీ పెట్టించుకోవడం మరవొద్దు. లేకపోతే షెడ్డులో ఉన్న రోజుల అద్దె అంటూ ఇంకో ఫోన్ వస్తుంది.

అప్పగించేటప్పుడు

రైలు టైముకు కనీసం రెండు గంటల ముందు, వెలుగుండగా, ఓనరు గానీ ఆయన మనిషి గానీ ఉన్నప్పుడే ఇవ్వండి. ‘తాళం సెక్యూరిటీకి ఇచ్చేయండి సార్’ అంటే ఒప్పుకోవద్దు. తీసుకున్నప్పుడు ఎంత ఆయిలుందో అంతే కొట్టించి, బంకు బిల్లు ఫొటో తీయండి. మళ్లీ అదే వీడియో, అదే వరస, మీటరుతో సహా. బ్లూటూత్‌లో మీ ఫోను పేరు, కాంటాక్టులు తీసేయండి. సీట్ల కింద, డ్యాష్‌బోర్డు అరలో ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోండి. పిల్లల చెవి పోగులు, మందుల స్ట్రిప్పులు ఎక్కువగా అక్కడే మిగిలిపోతుంటాయి.

‘బండి చూసుకున్నాం, డ్యామేజీ ఏమీ లేదు, డిపాజిట్ ఫలానా తేదీకి వేస్తాం’ అనే మెసేజీ అక్కడే పెట్టించండి. బైకో చెక్కో తాకట్టు పెడితే తాళం ఇచ్చే చేత్తోనే వెనక్కి తీసుకోండి. చలాన్లు తర్వాత పడొచ్చని కొంత డబ్బు ఆపుతామంటే ఎంత, ఎన్ని రోజులు అని రాయించండి. చలాను వచ్చిందంటే దాని మీద తేదీ, టైము, చోటు ఉంటాయి, మీ దగ్గర బండి ఉన్న సమయానికి సరిపోతేనే కట్టండి.

డిపాజిట్ రాకపోతే

అన్న తేదీ దాటాక రెండు రోజులు చూడండి. తర్వాత ఫోన్లు ఆపేసి రాతలోకి దిగండి. ఎంత రావాలి, ఏ తేదీన కట్టారు, ఏ తేదీన బండి ఇచ్చారు, వారం గడువు అని ఒక మెసేజీ పెట్టండి. ఆఫీసు అడ్రసు ఉంటే అదే స్పీడ్ పోస్టులో పంపండి. చాలామంది ఇక్కడే దారికొస్తారు, ఎందుకంటే రాతలోకి దిగే కస్టమరు వాళ్లకు అరుదు.

రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఫిర్యాదు ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు ఏమీ లేదు, లాయరు తప్పనిసరి కాదు. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్లోనే కేసు వేసుకునే వీలుంది. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చి విజయవాడలో బండి తీసుకున్నవాళ్లు వాయిదాలకు ఇక్కడికి తిరగనక్కర్లేదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు.

ఫిర్యాదుకు జత చేయాల్సినవి: అగ్రిమెంటు ఫొటోలు, అద్దె, డిపాజిట్ రెండు యూపీఐ రసీదులు, తీసుకున్న రోజు వీడియో, ఇచ్చిన రోజు వీడియో, వాట్సాప్ సంభాషణ మొత్తం ఎక్స్‌పోర్టు చేసిన ఫైలు, స్పీడ్ పోస్టు రసీదు. ఆ వాట్సాప్ చాట్‌ను డబ్బు ఖాతాలో పడేదాకా డిలీట్ చేయకండి.